పదకొండో ఉద్ది

జమ్మలమడుగు,
12-4-1987

అప్పా హబీబుల్లా,

నీ ఉత్తరం అందింది. కువైట్‌లో నీళ్ల ట్యాంకరు తోలుకుంటూ కూడా మన స్టార్ల ఫుట్‌బాల్ ఆట సంగతి అడిగావు చూడు, దానికి సంతోషం. లీగ్ సెక్రటరీగా ఈ ఊళ్లో నన్ను అడిగేది తిట్టడానికే.

మొదటి ఏడు నువ్వు గోలీగా ఆడిందే కదా. ఆరు జట్ల మేటి ఆటగాళ్లను ఏరి, పెన్నకు ఇవతలివాళ్లు ఒకవైపు, అవతలివాళ్లు ఒకవైపు అన్నాం. నీ మోకాలు పోయిందీ ఆ కొట్లాటలోనే. రెండో ఏడు తన్నుకోకుండా ఉంటారని అందరినీ ఒకటే జట్టు చేసి, బెంగళూరు నుంచి ఇంకో జట్టును పిలిపించాం. జిన్నాయన మనిషి గన్లాయన మనిషికి బంతి ఇయ్యడు, వీడు వాడికి ఇయ్యడు. బెంగళూరువాళ్లు ఏడు గోల్స్ కొట్టి, టీ తాగి వెళ్లిపోయారు.

(ఉత్తరాల్లో పేర్లు రాయను. ప్రొద్దుటూరులో పత్తి జిన్నింగు మిల్లులున్న ఆయన జిన్నాయన, ఇక్కడ నాపరాతి గనులున్న ఆయన గన్లాయన. చెరొక పార్టీ. ఆరు జట్లలో ఐదు వాళ్లవే, ఆటగాళ్లంతా ఆ మిల్లుల్లో, గనుల్లో కూలీల పేరు మీద జీతం తీసుకునేవాళ్లే. పులివెందుల జట్టు ఒక్కటే బస్సుల కంపెనీది.)

ఈ ఏడు స్టార్లను జనమే ఎన్నుకోవాలని ఓట్ల పెట్టెలు పెట్టించాను. అదీ నా తెలివి. మైదుకూరులో పెట్టెనే ఎత్తుకుపోయారు. వీరపునాయునిపల్లెలో ఊళ్లో ఉన్న జనం కంటే పెట్టెలో ఉన్న ఓట్లు ఎక్కువ. ఒకవైపు గోలీగా గన్లాయన వంటమనిషి గెలిచాడు, ఇంకోవైపు జిన్నాయన జీపు డ్రైవరు. పద్నాలుగుకు పదకొండు గోల్స్. పెనాల్టీ ఇచ్చినందుకు రెఫరీకి రెండు వేళ్లు విరిచారు. విజిల్ పట్టుకునే చేతివే చూసి మరీ విరిచారు.

డ్రిల్లు అయివారి ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో పడుకోక, నాకెందుకు ఈ పెత్తనం అని మీ అక్క వెంకటలక్ష్మమ్మ రోజూ తిడుతోంది. నిజమే. కానీ నాకు ఆట కావాలి.

నీ
కాటమయ్య


ఫర్వానియా, కువైట్,
3-5-1987

కాటమయ్య మామకు,

నీ ఉత్తరం మా రూములో ఎనిమిదిమందికి చదివి వినిపించాను. వంటమనిషి గోలీ దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. రెఫరీ వేళ్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. కమలాపురం వాడొకడు లేచి బయటికి వెళ్లిపోయాడు. వాళ్ల అన్నకు చెయ్యి లేదట.

మామా, నీతో ఒక్క మాట. మా చెల్లెలు దిల్షాద్‌బీ మొగుడు సలీం గురించి. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టుకుంటూ పులివెందుల జట్టుకు ఆడతాడు. నా చేతుల మీదుగా పెళ్లి చేసిన పిల్ల. వాడిని చూస్తే నాకు భయం. వాడికి భయం లేదు కాబట్టి నాకు భయం. పోయినసారి టేపులో మాట్లాడి పంపించాడు. "నేను ఎవురి మనిషినీ కాదు బావా. దూది ప్రొద్దుటూరులో కొంటాండా, ఆట పులివెందులకు ఆడతాండా. నాతో ఎవురికేం పని?" అన్నాడు.

మన దగ్గర ఎవరి మనిషీ కానివాడు ఎన్నాళ్లు బతుకుతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను వీసా తెప్పించేదాకా వాడిని అట్లాగే ఉండనియ్యి. ఏ పార్టీ కండువా వాడి మెడ మీద పడకూడదు. నేను నిన్ను ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. ఇది ఒక్కటి అడుగుతున్నాను.

అక్కకు సలాం చెప్పు.

నీ
హబీబుల్లా


పులివెందుల,
10-1-1988

అప్పా హబీబుల్లా,

లీగ్ మీటింగుకు వచ్చి ఇక్కడి నుంచే రాస్తున్నాను. ఓట్లు వద్దన్నారు. ఆటగాళ్లను పెద్దలిద్దరూ చెరొకరిని ఏరుకోవాలన్నారు. నేను ఒప్పుకోలేదు. జిన్నాయన నోటితో ఒకడి పేరు పలికాడంటే వాడు చచ్చేదాకా జిన్నాయన మనిషే. అట్లాంటి ముద్ర సలీంకు పడకూడదని నువ్వు అడిగావు, నాకు గుర్తుంది.

మొన్న తొండూరు దగ్గర గొర్రెల కాపరులు చెడుగుడు ఆడుతున్నారు. ఆటకు ముందు ఉద్దులు పడ్డారు. చిన్నప్పుడు మనం పడలేదూ! సమానంగా ఆడే ఇద్దరు ఒక ఉద్ది. ఇద్దరూ పక్కకు పోయి రహస్యంగా చెరొక పేరు పెట్టుకుని వస్తారు. "కందులు కావాలా, పెసలు కావాలా?" అంటారు. నాయకుడు పెసలు అంటే పెసలు పేరు పెట్టుకున్నవాడు అతని వైపు, కందులు పేరు పెట్టుకున్నవాడు అవతలి వైపు. ఎవడు వస్తాడో అడిగిన నాయకుడికే తెలియదు. ఏరుకోవడం లేదు కాబట్టి ముద్రా లేదు. హబీబూ, ఆ కాపరుల కాళ్లు మొక్కాలనిపించింది.

ఇరవై రెండు మంది స్టార్లు, పదకొండు ఉద్దులు. ఇద్దరు పెద్దలూ ఒప్పుకున్నారు. జిన్నాయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "రహస్యం పేర్లు నీ చెవిలోనే చెప్పల్ల అయివారూ. విప్పి చెప్పేదీ నువ్వే. యాడన్నా తేడా వచ్చిందా, నిన్నే అడుగుతా" అన్నాడు.

సలీంకు ఉద్దిగా మా బావమరిది కుళ్లాయప్పను వేశాను. తొండూరు జట్టులో వెనక నిలబడతాడు కదా. వాడు అడ్డం నిలిస్తే దాటిపోగలిగినవాడు సలీం ఒక్కడే. ఆ ఉద్ది అందరికంటే చివర, పదకొండోది.

నీ
కాటమయ్య


ఫర్వానియా, కువైట్,
1-2-1988

మామా,

ఇది మనిషి చేసిన ఏర్పాటులా లేదు, దేవుడు పంచినట్టుంది. నిన్ను డ్రిల్లు మాస్టరు అన్నవాడి నోట్లో మన్ను పడ. నువ్వు మంత్రిగా ఉండాల్సినవాడివి. మా రూములో కూడా ఉద్దులు పడి క్యారమ్స్ ఆడుకున్నాం.

వీసా సంగతి ఆట అయ్యాక రాస్తాను. సలీం ఫొటో ఒకటి తీయించి పంపు, స్టార్ల చొక్కాతో. నా మంచం దగ్గర గోడకు అంటించుకుంటాను. నేను సగంలో వదిలిన ఆట వాడు పూర్తిగా ఆడితే ఇంట్లో ఒకరమైనా ఆడినట్టు.

నీ
హబీబుల్లా


జమ్మలమడుగు,
21-3-1988

అప్పా హబీబుల్లా,

ఆట అయిపోయింది. ఒక్క చెయ్యి విరగలేదు, ఒక్క బాంబు పేలలేదు. నాలుగేళ్లలో మొదటిసారి తొంభై నిమిషాలూ ఫుట్‌బాలే ఆడారు.

ముందురోజు ట్రావెలర్స్ బంగళాలో ఉద్దులు పడ్డారు. పెద్దలిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో, చుట్టూ వాళ్ల మనుషులు. ఒక్కొక్క ఉద్దీ వచ్చి నిలబడుతుంటే నవ్వులే నవ్వులు. చివరి ఉద్ది జిన్నాయన వంతు. "జొన్నరొట్టె కావాలా, సజ్జరొట్టె కావాలా?" అన్నారు. "జొన్నరొట్టే. దానికేంది తిరుగు?" అన్నాడు. కుళ్లాయప్ప జిన్నాయన వైపు, సలీం గన్లాయన వైపు పడ్డారు. ఎట్లా పడితే అట్లా, మన చేతిలో ఏముంది?

రెండుకు ఒకటితో గన్లాయన వైపు గెలిచింది. చివరి గోలు సలీందే. కుళ్లాయప్పను దాటి, గోలీని దాటి, నడుచుకుంటూ పోయి కొట్టాడు. నువ్వు చూసుంటే ఏడ్చేవాడివి. గన్లాయన మనుషులు వాడిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవడో ఒకడు కండువా వేశాడు. ఆ సందట్లో నినాదాలు కూడా ఇచ్చారు. సలీం దించమంటూనే ఉన్నాడు. అంతకుమించి ఏమీ లేదు, నువ్వేమీ అనుకోవద్దు. పేపరులో పడిన ఫొటో కత్తిరించి ఇందులో పెట్టాను.

నీ
కాటమయ్య


ఫర్వానియా, కువైట్,
5-4-1988

మామా,

ఫొటోలో చొక్కా కనపడటం లేదు. కండువా కనపడుతోంది.

జిన్నాయన ఊళ్లో కాపురం పెట్టుకున్నవాడి మెడలో గన్లాయన కండువా వేసి, ఏమీ అనుకోవద్దు అని రాశావు. ఈ ఉత్తరం అందిన రోజే సలీంను, దిల్షాద్‌ను పులివెందుల పంపించెయ్యి. బస్సుల కంపెనీ షెడ్డులో వాచ్‌మన్ హుమాయున్ మా అమ్మ తరపువాడు, దాచుకుంటాడు. వీసా కాగితం ఇక్కడి నుంచి ఊరికి వస్తున్న వలి బాషా చేతికిచ్చి పంపుతున్నాను. ఇరవయ్యో తేదీకల్లా సలీం బొంబాయిలో ఉండాలి. కొట్టు వద్దు, దూది వద్దు, రంజాను కూడా దారిలోనే కానియ్యి.

హబీబుల్లా


జమ్మలమడుగు,
14-4-1988

హబీబుల్లా,

నీ ఉత్తరం నాకు ఈ రోజు పొద్దున అందింది. నిన్న పొద్దున పదిగంటలకు సలీంను చంపేశారు.

నీకు అబద్ధం రాయలేను. చూసినవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. సహకార సొసైటీ ఎలక్షన్లలో జిన్నాయన మనిషి ఓడిపోయాడు. గన్లాయన వైపు వాళ్లు ఊరేగింపులో సలీం ఫొటోను జెండా కర్రకు కట్టి తిప్పారు. వాడు ఆ ఊరేగింపులో లేనే లేడు, కొట్లో పరుపు కుడుతున్నాడు. నలుగురు వచ్చి మర్యాదగా కూర్చున్నారు. "ఏ కాలితో కొట్టినావప్పా ఆ గోలు? శానా బాగా కొట్టినావు" అని అడిగారు. ఆట చూసి మెచ్చుకోవడానికి వచ్చారనుకుని, వాడు నవ్వి కుడికాలు చూపించాడు.

ముందు ఆ కాలే తీశారు. జీపులో కడపకు తీసుకుపోతుంటే చెన్నూరు దాటకముందే ప్రాణం పోయింది.

గన్లాయన దగ్గరికి పోయి నిలబడ్డాను. కేసు పెట్టించమన్నాను. "వాడు మావోడు యాడైనాడు అయివారూ? ఒక పూట మా చొక్కా తొడుక్కున్యాడు, అంతే కదా" అన్నాడు.

దిల్షాద్‌బీని మీ అమ్మ దగ్గరికి, జమ్మలమడుగుకు తీసుకొచ్చాం. 

కాటమయ్య


ఫర్వానియా, కువైట్,
2-8-1988

మామా,

ఇన్నాళ్లు రాయలేకపోయాను. మన్నించు. సెలవు ఇవ్వలేదు, మట్టి కూడా వెయ్యలేకపోయాను.

దిల్షాద్‌కు నువ్వు, అక్క తోడున్నారని మా అమ్మ అజ్మత్ బీ రాయించింది. మీ ఇంటి అన్నం తిని పెరిగినవాడిని. ఆ రుణం నాకు గుర్తుంది.

అమ్మ ఇంకో మాట కూడా రాయించింది. నలభయ్యో రోజు ఫాతెహాకు కుళ్లాయప్ప వచ్చి, గడప బయటే కూర్చుని ఏడ్చాడట. "సజ్జరొట్టె నేను, అమ్మా. జొన్నరొట్టె సలీం. మా బావ తిరగేసి చెప్పినాడు. నేను నోరు తెరిస్తే కండ్లతోనే నొక్కేసినాడు" అన్నాడట.

మామా, నాకు కోపం లేదు. కోపం పడి ఏం చేస్తాను, సముద్రం ఇవతల కూర్చుని! కానీ ఏం జరిగిందో తెలియకపోతే నిద్రపట్టడం లేదు. జరిగింది జరిగినట్టు నీ చేత్తో రాయి. సంతకం పెట్టు, అప్పుడే నాకు నమ్మకం. చదివి చింపేస్తాను. నమాజులో నీ కోసం కూడా దువా చేస్తాను.

ఎప్పటికీ నీ
హబీబుల్లా


జమ్మలమడుగు,
26-8-1988

నా హబీబుల్లాకు,

నీ ఉత్తరం చదివి మీ అక్కా నేనూ ఇద్దరం ఏడ్చాం. నాలుగు నెలలుగా మెడ మీద మోస్తున్న బండను నువ్వే దించమన్నావు. రాస్తున్నాను.

కుళ్లాయప్ప చెప్పింది నిజం. జిన్నాయన జొన్నరొట్టె అన్నాడు. జొన్నరొట్టె సలీం. సలీం జిన్నాయన వైపు, కుళ్లాయప్ప గన్లాయన వైపు పోవాలి. నేను తిప్పి చెప్పాను. సలీం నావైపు చూశాడు. అయివారు పొరపాటు పడ్డాడు పోనీలే అన్నట్టు నవ్వి, పోయి అటువైపు నిలబడ్డాడు. ఆ నవ్వు నన్ను తింటోంది.

ఎందుకంటావా? కుళ్లాయప్ప ఇల్లు తొండూరు పక్కన, జిన్నాయన మనుషుల నట్టనడుమ. వాడు గన్లాయన చొక్కా తొడిగితే మళ్లీ గొర్రెలు తోలుకుని బయటికి పోలేడు. మీ అక్క ముందురోజే నా కాళ్లు పట్టుకుంది, "నా తమ్ముణ్ని మాత్రం అటు పడనియ్యాకయ్యా" అని. సలీం ఎవరి మనిషీ కాదు కదా, వాడికి ఏ చొక్కా అయినా ఒకటే అనుకున్నాను. ఎవరి మనిషీ కానివాడికి ఎటు పడినా ప్రమాదమే అని నువ్వు ముందే రాశావు. చదివి కూడా నాకు ఎక్కలేదు. ముద్ర పడకూడదని ఉద్దులు పెట్టించినవాడిని నేనే, ముద్ర వేసినవాడినీ నేనే.

కుళ్లాయప్పను ఏమీ అనుకోవద్దు. వాడు బంగారం. దిల్షాద్‌బీకి ఇక్కడి బడిలో ఆయా పని వచ్చింది కదా, అది ఎవరి వల్ల వచ్చిందో మీ అమ్మకు కూడా తెలియదు. కుళ్లాయప్ప తలకు టవలు చుట్టుకుని మూడుసార్లు గన్లాయన బంగళాకు పోయాడు. "మీ దిక్కు పడాల్సినోణ్ని నేను సామీ. నాకు బదులు పోయినోని పెండ్లానికి దారి చూపియ్యండి. మీరు ఏం చెప్పినా చేస్తా" అని కాళ్లు పట్టుకున్నాడు. వాడు గన్లాయన గడప తొక్కినట్టు జిన్నాయన మనుషులకు తెలిస్తే తొండూరు సెంటర్లోనే నరుకుతారు. అందుకే ఈ సంగతి గన్లాయనకు, నాకు, వాడికి, ఇప్పుడు నీకు తప్ప ఎవరికీ తెలియదు. చదివిన వెంటనే చింపెయ్యి.

నువ్వు క్షమించానని ఒక్క ముక్క రాస్తే చాలు.

నీ
కాటమయ్య


ఫర్వానియా, కువైట్,
18-9-1988

కాటమయ్యకు,

నువ్వు నీ తప్పు రాశావు కాబట్టి నా తప్పు కూడా రాస్తున్నాను. సలీం వీసా ఫిబ్రవరి మొదటి వారంలోనే నా చేతికొచ్చింది. ఆట ఆడి వస్తాడులే అని నేనే పెట్టెలో పెట్టి ఉంచాను. స్టార్ల చొక్కాలో ఫొటో కావాలని. ఆ ఫొటో గోడ మీదే ఉంది. కండువా దగ్గర కత్తిరిద్దామని చూశాను. కత్తిరిస్తే తల కూడా పోతోంది.

నాకు శిక్ష నా చెల్లెలు. ఆమె బతికినన్నాళ్లు నేను ఆమె ముఖం చూడాలి. నీకు అట్లాంటిది ఏమీ లేదనిపించింది. నీ బావమరిది నీ ఇంటికొస్తాడు, నీ పక్కన కూర్చుని అన్నం తింటాడు, మీ ఆవిడ కడుపు చల్లగా ఉంటుంది.

నీ ఉత్తరం చింపలేదు. నీ చేతిరాతతో, నీ సంతకంతో ఉన్న ఆ నాలుగు పేజీలను కవరులో పెట్టి, ప్రొద్దుటూరు మిల్లు అడ్రసు రాసి, జిన్నాయనకు పంపించాను. నా మాటగా ఒక్క వాక్యం కూడా కలపలేదు. తేడా వస్తే నిన్నే అడుగుతానన్నాడు కదా, అడగనీ. నువ్వు తిప్పిన ఉద్దిని నేను మళ్లీ తిప్పాను. ఇప్పుడు ఎవరు పడాల్సిన చోట వాళ్లు పడ్డారు.

కుళ్లాయప్ప మంచివాడని నాకు తెలుసు. నా చెల్లెలు ఒకటో తేదీ నుంచి బడికి పోతోందంటే వాడి పుణ్యమేనని కూడా తెలుసు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. చదివాకే కవరు అంటించాను. సలీం కూడా మంచివాడే.

ఆ కవరును ఈ నెల తొమ్మిదో తేదీన పోస్టు చేశాను. ఇది తొమ్మిది రోజుల తర్వాత వేస్తున్నాను. రెండూ ఒకే విమానంలో వస్తే నువ్వు ముందు చదువుతావని ఆగాను.

ఈ ఏడు స్టార్ల ఆట ఎట్లా పెడుతున్నారో రాయి.

హబీబుల్లా